తూకపుగుండు దిగ్విజయం

వాగ్దేవీ, ఒక్క ఘడియ ఇటు చూడు తల్లీ. కోటలు కూలిన కథలకూ కిరీటాలు దొర్లిన కథలకూ అడగకముందే వచ్చి నాలుక మీద కూర్చుంటావు. నేను పాడబోయేది ఒక చేతిసంచి కథ, ఆ సంచిలోని ఒక గుండు కథ, ఆ గుండు కోసం ఒక పెద్దమనిషి నడుముకు వచ్చిపడిన ధర్మసంకటం కథ. చిన్నదని చిన్నచూపు చూశావంటే నేనూ ఊరుకునే రకం కాదు. నువ్వు రాకపోయినా పాడి తీరుతాను.

ఉత్తరాన కృష్ణవేణీతరంగమాలికలు, దక్షిణాన తుంగభద్రాజలకుల్యలు, ఆ రెంటి నడుమ వాన దయ తలిస్తే జొన్న, తలవకపోతే వలస అని రెండే రుతువులెరిగిన రాయచూరు సీమలో, దేవదుర్గ తాలూకాలో, పురాతనదేవాలయశిఖరపంక్తివిరాజితమైన గబ్బూరు గ్రామంలో, సెల్‌ఫోను అద్దం మీది నల్లగళ్ళ బొమ్మే గగనారోహణానికి రాజముద్రిక అయిన ఈ కాలంలో, మాఘమాసాన, సోమవారం పూట, రాహుకాలం గడప దాటిన ఐదో నిమిషాన, వక్రకుడ్యవిధ్వంసకుడూ, ఇటుకలకు ఇష్టసఖుడూ, వంగిన గుమ్మాలకు పీడకలా అయిన తాయప్ప గౌండి తన వాకిట్లో యుద్ధసన్నద్ధుడై నిలిచాడు. గౌండి అంటే ఆ సీమలో తాపీమేస్త్రీ. వయసు యాభై ఎనిమిది, విమానం ఎక్కడం ఇదే మొదలు.

యుద్ధకారణం చెప్పకుండా కథ నడపడం మర్యాద కాదు కాబట్టి చెబుతున్నాను. సింధనూరు వైపు కాలువ కింది వరిపొలాల నడుమ పుట్టి పెరిగి, ఇప్పుడు అహ్మదాబాదులో మేడలు కట్టిస్తున్న కంట్రాక్టరు శివాజీ మీద ఒక గోడ తిరగబడింది. అది మూడో అంతస్తులో మెట్ల పక్క గోడ. నిటారుగా ఉందని పనివాళ్ళు, వంగిందని ఇంటి యజమాని. మంగళవారం పొద్దున యజమాని వచ్చి చూస్తానన్నాడు. అప్పటికి సంగతి తేలకపోతే గోడను కూల్చమంటాడు. గోడల తగవులో తాయప్ప మాటంటే శివాజీకి గురి. రైలెక్కితే మంగళవారం రాత్రికి గాని దిగరు. అందుకని, తల్లిని చూడటానికి ఊరికి వచ్చి ఉన్న శివాజీయే స్వయంగా కారు వేసుకుని గబ్బూరు వచ్చి, తాయప్పకు విమానం టికెట్టు కొని, గడప ముందు హారను కొడుతున్నాడు.

తాయప్ప పనిముట్ల సంచి సర్దడం చూసి తీరవలసిన దృశ్యం. అరిగి అరిగి తమలపాకంత అయిన తాపీ, ఇటుకను ఒక్క దెబ్బకు రెండు చేసే సుత్తె, ఎత్తుపల్లాలు చూడటానికి రెండు కొసలూ బిగించి నీళ్ళతో నింపిన తెల్లటి పైపు, వంద మూరల దారపు ఉండ. అన్నిటికన్నా అడుగున, పాత తువ్వాలలో చుట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టినది ఇత్తడి గుండు. దారానికి కట్టి గోడ పక్కన వేలాడదీస్తే గోడ నిటారో వంకరో చెప్పే తూకపు గుండు. పొడవు నాలుగు వేళ్ళు, కింద చిన్న మొన. తాయప్ప మామగారు ఉలిగప్ప ఆ గుండుతోనే బతికి, పోయేముందు దాన్ని అల్లుడి చేతిలో పెట్టి, "మనిషి మాట వంకర పోతది, కన్ను వంకర పోతది, ఇది పోదు" అన్నాడు. ఆయన కూతురు హంపమ్మే తాయప్ప భార్య.

ఆ హంపమ్మ రెండో సంచిలో జొన్నరొట్టెలు, వేరుశనగల శేంగపొడి, రెండు పంచెలు, ఒక దుప్పటి సర్ది, దాన్ని మొగుడి భుజానికి తగిలించి, వీరపత్నులు యుద్ధానికి పోయే భర్తలతో చెప్పవలసిన మాట చెప్పింది.

"ఏమయ్యా, తాపీ పోగొట్టుకో, సుత్తె పోగొట్టుకో, నేనేమన. మా నాయన గుండు మాత్రం మల్ల ఇంట్లకు రావాలె. గుండు రాకుంటే నువ్వు గూడ రాకు. ఆడనే ఉండి గోడలు కట్టుకో."

"గుండు పోతే నేనెట్ల వస్త? గంత దైర్యం నాకేడిది," అన్నాడు వీరుడు.

నాలుగు గంటల కారు ప్రయాణంలో శివాజీ గగనయానశాస్త్రం మొత్తం బోధించాడు. తాను ఇరవైసార్లు ఎక్కాననీ, బెల్టు ఎలా పెట్టుకోవాలో, చెవులు దిబ్బడేస్తే ఏం చేయాలో తానే చూపిస్తాననీ చెప్పాడు. చెప్పవలసిన ఒక్క ముక్క మాత్రం చెప్పలేదు. ఇరవైసార్లు ఎక్కినవాడి పాండిత్యం అలాగే ఉంటుంది మరి.

విమానాశ్రయంలో సామాను తీసుకునే బల్ల దగ్గరి అమ్మాయి, రెండు సంచుల్లో ఒకటి ఇక్కడ ఇస్తే విమానం కడుపులో వేస్తారనీ, ఒకటి చేతిలో ఉంచుకోవచ్చుననీ చెప్పింది. అప్పుడు శివాజీ కాస్త అవతల నిలబడి ఫోనులో అహ్మదాబాదుతో అరుస్తున్నాడు. తాయప్ప ఆలోచించాడు. పనిముట్టును పరాయి చేతికియ్యడం గౌండి కులంలో లేదు. గోడ మీద ఉన్నప్పుడు పక్కవాడు తాపీ అడిగినా ఇవ్వరు, ముక్కు మొహం తెలియని విమానానికిస్తారా? రొట్టెల సంచిని బల్ల మీద పెట్టి, తాపీ, సుత్తె, పైపు, గుండూ ఉన్న సంచిని చంకలో బిగించాడు. శివాజీ ఫోను పెట్టేసి వచ్చేసరికి రొట్టెలు నల్లటి పట్టీ మీద కూర్చుని సాగిపోయాయి. చేతిలో ఉండవలసినది కడుపులోకి, కడుపులోకి పోవలసినది చేతిలోకి వచ్చాయని ఆ ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

అంతట వారు తనిఖీద్వారం చేరారు. ఆహా, ఏమి ఆ రణభూమి! ఎడమపక్క సంచులను మింగి కక్కే యంత్రరాక్షసి, కుడిపక్క మనుషులు ఒక్కొక్కరుగా దాటవలసిన లోహపరీక్షాద్వారం, దాని అవతల ఎక్కి చేతులు చాచి నిలబడవలసిన చిన్న చెక్కపీట. ఆ ద్వారానికి పొద్దుటి నుంచీ పిచ్చెక్కింది. ఉంగరం ఉన్నవాడికీ కూస్తోంది, లేనివాడికీ కూస్తోంది, ఆఖరికి దారాలు తప్ప ఒంటి మీద ఏమీ లేని సన్యాసికి కూడా కూసింది. దానికి అధిపతి సుప్రీత, మైసూరు వైపు ఆడబిడ్డ, ఖాకీ దుస్తుల్లో నిలబడి, ఆ కూతలు విని విని తలనొప్పితో కళ్ళు సగం మూసుకుని పనిచేస్తోంది. వరస మాత్రం గోదాము ముందు ఎడ్లబళ్ళలా వెనక్కి సాగిపోయింది.

మొదట పడిపోయినవాడు ఇరవైసార్ల యోధుడు శివాజీయే. అతని సంచిలోంచి లైటరు తీశారు, కొబ్బరినూనె సీసా తీశారు, గోళ్ళు తీసుకునే చాకు తీశారు. చివరగా అతని తల్లి సీతారావమ్మ స్వహస్తాలతో పెట్టి, మూత మీద గుడ్డ కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ బయటికి వచ్చింది. శివాజీ గొంతు సవరించుకున్నాడు.

"చూడండి మేడం, లైటరు పట్టుకెళ్ళండి, నూనె పట్టుకెళ్ళండి, నేనేం అనను. ఆవకాయని ద్రవం అనకండి. ముక్క చూడండి, రాయిలా ఉంది. మా అమ్మ చేత్తో కలిపింది, గరిటె కూడా పెట్టలేదు. నీళ్ళ తడి తగిలితే చెయ్యి నరికేసుకునే మనిషండీ మా అమ్మ."

"నూనె పైకి తేలింది," అంది సుప్రీత.

అంతటి ప్రసంగానికి ఆ ఒక్క మాటే జవాబు. జాడీ నీలం తొట్టిలోకి వెళ్ళిపోయింది. ఆ తొట్టిలో పడినదేదీ తిరిగి పైకి రాదనేది అక్కడి శాసనం. శివాజీ దాని వైపు చూడలేక ద్వారం దాటి, కూయించుకుని, అవతల బెంచీ మీద చతికిలబడ్డాడు.

తరువాత తాయప్ప సంచి యంత్రరాక్షసి నోట్లోకి పోయింది. పోయి అక్కడే ఆగింది. తెర మీద తాపీ కత్తిలా, సుత్తె గదలా, పైపు పాములా కనిపించాయి. తాపీ, సుత్తె బయటికి వచ్చి తొట్టిలో పడ్డాయి. పైపు పట్టుకున్నప్పుడు రెండు కొసల్లోనూ నీళ్ళు కదిలాయి.

"నీళ్ళు ఎందుకున్నాయి?" అంది సుప్రీత. ఆవిడ మాటలో కన్నడపు యాస విని తాయప్పకు ప్రాణం లేచివచ్చింది. అప్పటిదాకా హిందీలో గుటకలు మింగుతున్నవాడు హాయిగా కన్నడంలోకి దిగాడు. గబ్బూరు బోరునీళ్ళనీ, తాగమంటే తాగి చూపిస్తాననీ అన్నాడు. అవసరం లేదన్నారు. పైపు కూడా పోయింది. దాని వెనకే, మెడకు చుట్టడానికి పనికొచ్చేంత పొడవు ఉందని, దారపు ఉండా పోయింది. తాయప్ప గుండె గట్టిది గనక నిలబడ్డాడు. హంపమ్మ వదులుకొమ్మన్నవే కదా ఇవన్నీ.

ఆఖరికి తెర మీద, సంచి అడుగున, నల్లగా, కొసదేలి, నాలుగు వేళ్ళ పొడవున ఒక ఆకారం నిలిచింది. సుప్రీత సగం మూసిన కళ్ళు పూర్తిగా తెరిచింది.

"ఏనిదు?" అంటూ ఇదేమిటని కన్నడంలోనే అడిగింది.

గబ్బూరులో ఎవరడిగినా చెప్పే మాటే చెప్పాడు తాయప్ప. "గుండు రీ, మేడం."

శ్రోతలారా, ఇక్కడే కొంప మునిగింది. తెలుగులోనైనా కన్నడంలోనైనా గౌండి నోట గుండంటే గోడకు వేలాడేది. తుపాకి పట్టినవాళ్ళకు గుండంటే తుపాకిలోంచి వచ్చేది. ఒకే మాట ఇద్దరి మధ్య నిలబడి ఇద్దరికీ రెండు మొహాలు చూపించింది.

"ఎన్ని ఉన్నాయి?" అంది సుప్రీత, గొంతు తగ్గించి.

"ఒకటే మేడం. మా మామది. ఆయన పోతా పోతా నాకిచ్చిండు."

"దీన్ని వాడారా ఎప్పుడైనా?"

"ఎప్పుడైనా ఏంది? ముప్పై ఏండ్ల సంది దీంతోనే బతుకుతున్న. దేవదుర్గల దీని పేరు చెప్తే లేసి నిలబడతరు. ఇప్పుడు గూడ అహ్మదాబాదుల ఒక పని ఉందని పిలిపిచ్చిండ్రు. రేపు పొద్దుగాల ముగించాలె."

వరసలో ముందున్న పదిమంది వెనకడుగు వేశారు. ఇద్దరు భటులు తాయప్పకు చెరోపక్కా వచ్చి నిలిచారు. అవతల బెంచీ మీది శివాజీ లేచి, "అయ్యో మేస్త్రీ, ఏం మాట్లాడుతున్నావయ్యా" అంటూ చేతులు ఊపాడు. భటుడు చూసిన చూపుకు మళ్ళీ కూర్చున్నాడు. సుప్రీత చేతులకు తొడుగులు వేసుకుని తువ్వాల విప్పింది. లోపల పసుపు రాసిన ఇత్తడి గుండు, నెత్తిన దారం కట్టే కన్నంతో, అమాయకంగా మెరిసింది. అది తుపాకి గుండు కాదని తేలింది. మరైతే ఏమిటన్నది తేలలేదు.

"ఇది దేనికో నాకు తెలియదు. తెలియనిది లోపలికి పంపను," అంటూ సుప్రీత తొట్టి మీదికి చెయ్యి చాచింది.

అప్పుడు తాయప్ప పలికిన పలుకులు ఇవి. "మేడం, ఒక్క నిమిషం. ఇది గోడల నాడి చూస్తది. కొట్టేది గాదు, పొడిచేది గాదు. ఇది లేకుంటే ఊర్ల ఒక్క గోడ నిలబడదు, నాకు ఇంట్ల అడుగుపెట్టే ముఖం లేదు. నేనేడ్వను, బతిమాలను. ఒక్కపారి చూపిస్త. అది అబద్ధమాడితే మీ చేతులతోనే తొట్ల వెయ్యుండ్రి."

సుప్రీత తలపోటు ఒక క్షణం ఆగినట్టుంది. "చూపించండి," అంది.

చూపించాలంటే దారం కావాలి. దారపు ఉండ తొట్టిలో ఉంది, తొట్టిలో పడినది పైకి రాదు. తాయప్ప జేబులు తడుముకున్నాడు. దేవదుర్గకు పోయి వచ్చిన పాత బస్సు టికెట్లు తప్ప ఏమీ లేవు. శివాజీ వైపు చూశాడు.

"నీ మొలతాడుంది కదా మేస్త్రీ," అన్నాడు శివాజీ బెంచీ మీంచే. "తీసెయ్. దారవే గదా."

దారమట! కాలువ కింద పుట్టినవాడికి ఏం తెలుస్తుంది? తాయప్ప ఇంటి ఆచారం ప్రకారం ఇల్లాలు కన్నుమూసిన నాడే మగవాడి నడుము నుంచి మొలతాడు తెంపుతారు, అంతవరకూ అది నడుము వదలదు. ఇప్పుడు చూడండి ఆ మహావీరుడి అవస్థ: మొలతాడు తీయకపోతే హంపమ్మ తండ్రి గుండు పోతుంది, గుండు పోతే హంపమ్మ తనను ఇంట్లోకి రానివ్వదు, మొలతాడు తీస్తే గుండు దక్కుతుంది గాని, నిక్షేపంగా రొట్టెలు కాలుస్తున్న హంపమ్మను నలుగురిలో చంపినట్టవుతుంది. చెమట కణతల మీంచి జారి మీసం మీద నిలిచింది. నాకే పాపం అనిపించింది.

"సావుకార్, హంపమ్మ బతికుండంగ ఇంగొకపారి ఆ మాట అనకు," అన్నాడు తాయప్ప. పంచె మీంచి నడుము తడుముకున్నాడు. ముప్పై ఏళ్ళు గోడల వంకరలు తీసిన బుర్ర అది. నడుము మీది నల్లదారం రెండు వరసలనీ, ఒక్కో వరసకు ఒక్కో ముడి ఉందనీ దానికి గుర్తొచ్చింది.

భటుల మధ్య నుంచి నడిచి ద్వారం దాటాడు. ద్వారం కూసింది. చెక్కపీటను కాలితో జరిపి, ద్వారం కాలికి ఆనించి, దాని మీదికెక్కాడు. ఎడమచేత్తో పంచె పట్టుకుని, కుడిచేత్తో పై వరస ముడి విప్పాడు. కింది వరసను వేలితో కూడా తాకలేదు. విప్పిన కొసను గుండు నెత్తి కన్నంలో గుచ్చి, ముడివేసి, మెల్లగా కిందికి వదిలాడు. నల్లటి మొలతాడు కొసన మామగారి ఇత్తడి గుండు ఊగి, తిరిగి, నెమ్మదించి, మోకాలి కింద నిలిచింది. తాయప్ప ఊపిరి బిగబట్టాడు. వరసలోని వాళ్ళు కూడా బిగబట్టారు.

"మేడం, ఈడ చూడుండ్రి. పైన దారానికీ ఈ కమ్మికీ నడుమ నా వేలు పడతది. కింద గుండు కాడ వేలు దూరదు. మీ దర్వాజ వంగింది. రెండు సూతులు."

రెండు సూతులంటే పావు అంగుళం. సుప్రీత వంగి చూసింది. తన వేలు పెట్టి చూసింది. తాయప్ప చెప్పినట్టే ఉంది.

"ఒక కాలు కింద ఆనట్లేదు. గాలికి గూడ కదుల్తది, అందుకే ఊరికె కూస్తది," అన్నాడు తాయప్ప. పీట దిగి, జేబులోని దేవదుర్గ-గబ్బూరు బస్సు టికెట్లు నాలుగు తీసి, మడిచి, బొటనవేలితో మందం చూసుకుని, ద్వారం కాలి కిందికి తోశాడు. మళ్ళీ పీటెక్కి గుండు వదిలాడు. పైనా కిందా వేలు సమానంగా పట్టింది.

సుప్రీత వరసలో మొదటి మనిషిని రమ్మంది. ఆయన దాటాడు, ద్వారం మాట్లాడలేదు. రెండో మనిషి దాటాడు. మూడో ఆవిడ చేతి గాజులు తీసి తట్టలో పెట్టి దాటింది. పొద్దుటి నుంచీ మొదటిసారి అక్కడ నిశ్శబ్దం వినిపించింది. సుప్రీత కణతలు నొక్కుకుని, కళ్ళు మూసుకుని, "అబ్బ, ఎంత హాయిగా ఉంది" అనుకుంది పైకే.

తరువాత గోడకు అంటించిన నిషేధవస్తువుల పట్టిక ముందు నిలబడి పైనుంచి కింది దాకా చదివింది. సుత్తె ఉంది. తాపీ ఉంది. తుపాకి గుండు ఉంది. తూకపు గుండు లేదు. ఇంకోసారి చదివింది. అప్పుడూ లేదు.

"పట్టికలో లేదు. తీసుకెళ్ళండి," అని గుండును తువ్వాలలో పెట్టి రెండు చేతులతో అందించింది. అంతలో ఇంకేదో గుర్తొచ్చి, "ఆ దారం పొడవు ఎంత?" అని అడిగింది.

"అది దారం గాదు మేడం, నా పెండ్లాం," అన్నాడు తాయప్ప.

సుప్రీత తరువాతి మనిషిని పిలిచింది.

విమానం ద్వారం తెరిచే లోపు, శివాజీ ఆవకాయ పోయిన దుఃఖంతో అక్కడి బెంచీకి ఆనుకుని కూర్చుని ఉండగా, తాయప్ప ఒక చేత్తో పంచె పట్టుకుని, ఒక చేత్తో ఇంటికి ఫోను చేశాడు.

"గుండు ఉందా?" హలో లేదు, ఏమీ లేదు, ఇదే హంపమ్మ మొదటి మాట.

"ఉంది. తాపీ పోయింది, సుత్తె పోయింది, పైపు పోయింది."

"పోనీ. ఇంగేం పోయింది? నీ గొంతు సక్కగ లేదు."

తాయప్ప దాచలేకపోయాడు. జరిగిందంతా చెప్పాడు. మొలతాడు రెండు వరసల్లో ఒకటి విప్పాననీ, గుండుకు కట్టాననీ, తెంపలేదనీ, తెంపాలన్న మాట వస్తే సావుకారును కసిరాననీ చెప్పాడు. అటునుంచి రొట్టె పెనం మీద మాడుతున్న చప్పుడు సన్నగా వచ్చింది.

"ఇంగొక వరస నడుం మీదనే ఉందా?" అంది హంపమ్మ చివరికి.

"ఉంది. గట్టిగ ఉంది."

"అయితే నేను ఉన్న. ఎందుకు ఏడ్పుగొంతు? రొట్టె తిని నీళ్ళు తాగు."

"రొట్టె విమానం కడుపుల పోయింది," అన్నాడు తాయప్ప. హంపమ్మ నవ్విన నవ్వు బెంచీ మీద కూర్చున్న శివాజీకి కూడా వినిపించింది.

ఇదీ జరిగింది. మర్నాడు అహ్మదాబాదులో ఆ గుండు వేలాడదీసి చూస్తే గోడ నిటారుగా ఉందనీ, వంగినది దాని పక్క కిటికీ చట్రమనీ తేలింది, గోడ బతికింది. అది గుండుకు రోజూ ఉండే పనే గనక అందుకు వేరే పద్యాలు కట్టను. నేను దండోరా వేయించేది వేరు. ఓ దశదిశలారా, వినండి: తాపీ, సుత్తె, నీళ్ళపైపు, వంద మూరల దారం, ఒక లైటరు, ఒక నూనె సీసా, ఒక చాకు, ఒక జాడీ ఆవకాయ సర్వం కోల్పోయిన ఆ మహాసంగ్రామంలో, గబ్బూరు తాయప్ప గౌండి నాలుగు వేళ్ళ ఇత్తడిని గెలిచాడు, భార్యను చంపకుండా గెలిచాడు, రొట్టెలు కాళ్ళ కింద ఎక్కడో ప్రయాణం చేస్తుండగా ఆకలితోనే ఆకాశంలో ఎగిరాడు. విన్నవారి గోళ్ళ చాకులు క్షేమంగా ఉండుగాక. ఆ ద్వారం కాలి కింద దేవదుర్గ-గబ్బూరు బస్సు టికెట్లు నాలుగు ఇంకా అలాగే ఉన్నాయి.